గేజ్ ముల్లు పైనే ఉంది, కార్పెట్ తడిగానే ఉంది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వ్యాన్‌లో బిగించిన కార్పెట్ క్లీనింగ్ యంత్రాలతో పనిచేసే పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి ఒకేచోట జవాబులిస్తున్నాను. ఉత్తరాలు వేరైనా అన్నింటిలోనూ ఉన్న బాధ ఒక్కటే: సక్షన్ తగ్గింది, దాన్ని తిరిగి ఎలా రాబట్టుకోవాలి? చాలామంది రిలీఫ్ వాల్వ్ (వ్యాక్యూమ్ హద్దు దాటినప్పుడు తెరుచుకుని బయటి గాలిని లోపలికి వదిలే కవాటం) స్క్రూ బిగించి చూశామని, లేదా బిగించబోతున్నామని రాశారు. వారందరికీ ముందుగా ఒక మనవి. ఈ జవాబులు పూర్తిగా చదివేదాకా ఆ స్క్రూ జోలికి వెళ్లకండి.

ప్రశ్న: మా యంత్రం కొని నాలుగేళ్లయింది. కొత్తలో పని జరుగుతున్నప్పుడు, వ్యాక్యూమ్‌ను పాదరసం అంగుళాల్లో చూపించే గేజ్ మీద ముల్లు 9, 10 దగ్గర ఆడుతుండేది. ఇప్పుడు 13 దాకా చూపిస్తోంది. అయినా కార్పెట్ ఆరడానికి మునుపటి కంటే చాలా ఎక్కువ సమయం పడుతోంది. ముల్లు పెరిగితే సక్షన్ పెరిగినట్టే కదా, మరి తడి ఎందుకు మిగిలిపోతోంది?

జవాబు: ముల్లు పెరిగిందంటే సక్షన్ పెరిగిందని కాదు, ఎక్కడో దారి ఇరుకైందని అర్థం. మీ ఉత్తరంలో అసలు రోగం పేరు మీరే రాశారు, కానీ దాన్ని ఆరోగ్య లక్షణంగా భావించారు.

మీ వ్యాన్‌లో గాలిని లాగే బ్లోయర్ మామూలు ఫ్యాన్ లాంటిది కాదు. 8 అంకె ఆకారంలో ఉండే రెండు రోటర్లు ఒకదానికొకటి తగలకుండా, ఎదురెదురు దిశల్లో తిరుగుతూ, ప్రతి చుట్టుకూ ఒక నిర్ణీత ఘనపరిమాణంలో గాలిని ఒక పక్క నుంచి తీసుకుని రెండో పక్కకు నెట్టేస్తాయి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కానర్స్‌విల్ అనే ఊరికి చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన ఏర్పాటు ఇదే. ఇన్నేళ్ల తర్వాత కూడా మూలసూత్రం మారలేదు. ఈ యంత్రం తనంతట తాను వ్యాక్యూమ్‌ను తయారుచేయదు. అది గాలిని తరలిస్తుంది, అంతే. తరలించినంత గాలి లోపలికి రాకుండా ఏదైనా అడ్డుపడినప్పుడు మాత్రమే వ్యాక్యూమ్ పుడుతుంది, ముల్లు లేస్తుంది. గొట్టం పొడవు ఒక అడ్డు, వాండ్ (గొట్టం చివర తగిలించి కార్పెట్ మీద జరిపే పనిముట్టు) పెదవి కార్పెట్‌కు ఆనడం ఒక అడ్డు, ఫిల్టర్ జాలీకి పట్టిన నూగు మరో అడ్డు. ఏ అడ్డు వల్ల లేచానో ముల్లు చెప్పదు.

ఇప్పుడు చిన్న లెక్క చూద్దాం. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం పాదరసం 30 అంగుళాలకు కాస్త తక్కువ. గేజ్ 10 చూపిస్తున్నప్పుడు బ్లోయర్ నోటి దగ్గర మిగిలిన పీడనం 20, అంటే మూడింట రెండు వంతులు. 15 చూపిస్తున్నప్పుడు మిగిలేది సగం. బ్లోయర్ ప్రతి చుట్టుకూ మింగే ఘనపరిమాణం మారదు గానీ, ఆ గాలి పలచబడిపోతుంది కనుక, వాండ్ దగ్గర లోపలికి వెళ్లే బయటి గాలి 10 దగ్గర మూడింట రెండు వంతులకు, 15 దగ్గర సగానికి పడిపోతుంది. ఇందులో బ్లోయర్ లోపల రోటర్ల సందుల్లోంచి వెనక్కు జారిపోయే గాలిని ఇంకా లెక్కేయలేదు. కార్పెట్ నూలులోంచి నీటిని పైకి లేపి, గొట్టం వెంట మురికినీటి ట్యాంకు దాకా మోసుకువచ్చేది ఈ గాలి ప్రవాహమే. వ్యాక్యూమ్ నీటిని నూలు నుంచి వదిలిస్తుంది, గాలి దాన్ని మోస్తుంది. రెండింటిలో ఏది తగ్గినా కార్పెట్ తడిగానే ఉంటుంది.

మీ యంత్రంలో గేజ్‌కు వెళ్లే సన్నని గొట్టం ఎక్కడ తగిలించి ఉందో చూడండి. అది ట్యాంకు లోపలి ఫిల్టర్‌కు, బ్లోయర్‌కు మధ్య ఉన్నట్లయితే, ఫిల్టర్ మూసుకుపోయేకొద్దీ ముల్లు పెరుగుతూ, వాండ్ దగ్గర లాగుడు తగ్గుతూ వస్తుంది. మీరు రాసిన లక్షణాలు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి. ఫిల్టర్‌ను బయటకు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పైపైన కడిగిన జాలీ శుభ్రంగానే కనిపిస్తుంది, కానీ నూగు, డిటర్జెంటు, సన్నటి మట్టి కలిసి గట్టిపడిన బూడిదరంగు పొర రంధ్రాల్లో ఉండిపోయి, వెలుతురు మసకగా మాత్రమే వస్తుంది. దాన్ని నీటి ధారతో లోపలి నుంచి బయటికి కొట్టి, మెత్తని బ్రష్‌తో రుద్దాలి. ఒక్కోసారి వేడినీటిలో నానబెడితే తప్ప ఆ పొర వదలదు.

ఫిల్టర్ శుభ్రంగా ఉండి కూడా తడి మిగిలితే, సక్షన్‌ను పక్కన పెట్టి నీటిని అనుమానించండి. వాండ్ దగ్గర నీటిని చిమ్మే జెట్లు అరిగితే వాటి రేటింగ్ కంటే ఎక్కువ నీటిని వదులుతాయి. పంపు పీడనాన్ని మామూలు స్థాయిలో ఉంచి, జెట్ నుంచి ఒక నిమిషంలో వచ్చే నీటిని కొలపాత్రలో పట్టి, దాని మీద రాసి ఉన్న లెక్కతో పోల్చి చూస్తే విషయం తేలిపోతుంది. సక్షన్ తగ్గిందనుకుని యంత్రమంతా విప్పిన తర్వాత తప్పు చిన్న జెట్‌లో దొరికిన సందర్భాలు నాకు ఒకటికి రెండు ఎదురయ్యాయి.

ప్రశ్న: సక్షన్ ఎక్కడ పోతోందో కనుక్కోవడానికి ఒక పద్ధతి చెప్పగలరా? మేము ఒక్కో భాగాన్ని మార్చుకుంటూ పోతున్నాము, డబ్బు ఖర్చవుతోంది గానీ ఫలితం లేదు.

జవాబు: భాగాలు మార్చడానికి ముందు కొలవడం నేర్చుకోవాలి. ఇందుకు రెండే పరీక్షలు ఉన్నాయి. దారిని మూసి చూస్తే లీకు బయటపడుతుంది, తెరిచి చూస్తే అడ్డు బయటపడుతుంది. చాలామంది మొదటిది మాత్రమే చేసి, ముల్లు బాగా లేచింది కనుక యంత్రం బాగుందని తేల్చేస్తారు. గాలి కదలనప్పుడు అడ్డు వల్ల పీడనంలో తేడా రాదు. కాబట్టి నిండా మూసుకుపోయిన ఫిల్టర్ కూడా మూసి చూసే పరీక్షలో సునాయాసంగా పాసవుతుంది.

ముందు వ్యాన్‌ను ఆరుబయట నిలపండి. ఇంజిన్ పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, మూసిన షెడ్డులో ఈ పరీక్షలు చేయరాదు. ఇంజిన్ వేడెక్కిన తర్వాత పనిచేసే వేగానికి తెచ్చి, ట్యాంకుకు గొట్టాలేవీ తగిలించకుండా నోరు తెరిచి ఉంచి, గేజ్ చూడండి. ముల్లు సున్నాకు దగ్గరలోనే ఉండాలి. అలా కాకుండా మూడో నాలుగో అంగుళాలు చూపిస్తే, ట్యాంకు నోటికి, గేజ్ తగిలించిన చోటికి మధ్య ఏదో అడ్డు ఉన్నట్టు. మీ గేజ్ ఫిల్టర్ కంటే ముందే, ట్యాంకుకే తగిలించి ఉంటే ఈ పరీక్ష ఫిల్టర్ గురించి ఏమీ చెప్పదు. అలాంటి యంత్రాల్లో ఫిల్టర్‌కు, బ్లోయర్‌కు మధ్య రెండో గేజ్ ఒకటి పెట్టించుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. రెండు గేజ్‌ల మధ్య తేడాయే ఫిల్టర్ పరిస్థితి. దాన్ని విప్పి చూడకుండానే రోజూ తెలుస్తుంది.

తర్వాత ట్యాంకు నోటిని రబ్బరు అతికించిన చదునైన పలకతో మెల్లగా మూయండి. ముల్లు రిలీఫ్ వాల్వ్ సెట్ చేసిన అంకె దాకా లేచి, అక్కడ వాల్వ్ తెరుచుకున్న చప్పుడు వినిపించాలి. ఆ అంకెకు చేరకుండా ఆగిపోయిందంటే లీకు యంత్రంలోనే ఉంది, లేదా బ్లోయర్ తగినంత వేగంగా తిరగడం లేదు. చేరితే యంత్రం బాగున్నట్టే. ఇప్పుడు గొట్టాలను ఒక్కొక్కటిగా తగిలిస్తూ, ప్రతి ముక్క చివరా ఇలాగే మూసి చూడండి. ఏ ముక్క తగిలించాక అంకె తగ్గిందో లీకు ఆ ముక్కలోనో, దాని కఫ్ (చివర అతుకు తొడుగు) దగ్గరో ఉంది. ప్రతిసారీ కొద్ది సెకన్లకు మించి మూసి ఉంచకండి. కారణం తర్వాతి జవాబులో వివరిస్తాను. ఒక్క హెచ్చరిక మరవకండి. రిలీఫ్ వాల్వ్ ట్యాంకు మీదే బిగించి ఉన్న యంత్రాల్లో, ట్యాంకును వదిలేసి నేరుగా బ్లోయర్ నోటిని మూయడం చాలా ప్రమాదం. అప్పుడు బ్లోయర్‌ను కాపాడే వాల్వ్ దారిలోనే ఉండదు.

ట్యాంకులో లీకు ఉన్నప్పుడు ఇంజిన్ మోతలో ఈల వినిపించదు. పలచటి ప్లాస్టిక్ కాగితాన్ని చేతిలో పట్టుకుని మూత అంచుల వెంట, మురికినీరు వదిలే డంప్ వాల్వ్ చుట్టూ, ట్యాంకు వెల్డింగు అతుకుల వెంట నెమ్మదిగా జరపండి. లీకు ఉన్న చోట అది చటుక్కున అతుక్కుంటుంది. నా అనుభవంలో ముందు చూడవలసింది డంప్ వాల్వే. దాని పెదవి మీద ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు, ఒక్క దారప్పోగు చాలు. ఆ తర్వాత మూత గ్యాస్కెట్. 12 అంగుళాల గుండ్రటి మూత మీద 14 అంగుళాల వ్యాక్యూమ్ వద్ద వాతావరణం వేసే బరువు సుమారు 350 కిలోలు, కాబట్టి ఒకసారి కూర్చున్న గ్యాస్కెట్‌ను వ్యాక్యూమే మరింత గట్టిగా అదిమి పడుతుంది. కానీ కీలు ఉన్న వైపు రబ్బరు అణిగి పల్లం పడిపోయి ఉంటే మూత మొదట్లో కూర్చోనే కూర్చోదు. చేత్తో మూతను నొక్కగానే ముల్లు ఎగిరితే తప్పు అక్కడే ఉంది.

ఈ అంకెలన్నీ ఒక పుస్తకంలో తేదీతో రాసి వ్యాన్‌లోనే ఉంచండి: ట్యాంకు నోరు తెరిచినప్పుడు ఎంత, మూసినప్పుడు ఎంత, మామూలుగా వాడే గొట్టమంతా తగిలించి చివర తెరిచినప్పుడు ఎంత, దానికి వాండ్ తగిలించి గాలిలో పట్టుకున్నప్పుడు ఎంత. యంత్రం బాగున్న రోజున రాసుకున్న ఆ నాలుగు అంకెలు లేకపోతే, బాగా లేని రోజున దేనితో పోల్చాలో తెలియదు.

ప్రశ్న: రిలీఫ్ వాల్వ్‌ను 12 నుంచి 16కు బిగిస్తే సక్షన్ బాగా పెరుగుతుందని తోటి పనివారు అంటున్నారు. బిగించవచ్చా? అసలు దాన్ని సరిగ్గా సెట్ చేయడం ఎలా?

జవాబు: మీ బ్లోయర్ తయారీదారు ఇచ్చిన పరిమితిని దాటి బిగించకూడదు. ఆ పరిమితి బ్లోయర్ సైజును బట్టి, వేగాన్ని బట్టి మారుతుంది కనుక, పక్క వ్యాన్‌లోని అంకె మీ వ్యాన్‌కు వర్తించదు.

బ్లోయర్‌ను చల్లబరిచేది దానిలోంచి వెళ్లే గాలే. దారి మూసుకుపోయినప్పుడు చల్లటి గాలి రావడం ఆగిపోతుంది, లోపల ఉన్న కొద్దిపాటి గాలి మళ్లీ మళ్లీ నలిగి వేడెక్కుతుంది. పైకవచానికి బయటి గాలి తగిలి కాస్త చల్లారుతుంది. లోపలి రోటర్లకు ఆ అవకాశం లేదు, అవి ఎక్కువ వ్యాకోచిస్తాయి. రోటరుకు, కవచానికి మధ్య ఉండే సందు అంగుళంలో వెయ్యో వంతుల్లో లెక్కపెట్టేది. అది పూడిపోగానే లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. రిలీఫ్ వాల్వ్ ఉన్నది దీన్ని ఆపడానికే గాని, సక్షన్‌ను దొంగిలించడానికి కాదు.

నేను ఈ పని మొదలుపెట్టిన తొలి ఏడాదిలో నా సొంత యంత్రం మీదే ఆ తప్పు చేశాను. స్క్రూను మూడు చుట్లు బిగించాను, ముల్లు 17 చూపించింది, సంతోషించాను. అదే మధ్యాహ్నం వాండ్ మెడలో కార్పెట్ పీలిక ఒకటి అడ్డుపడింది. వాల్వ్ తెరుచుకోలేదు. నేను లోపల గదిలో ఉండి, లాగడం లేదేమని వాండ్‌ను ఊపుతూ రెండు మూడు నిమిషాలు గడిపాను. బయటికి వచ్చేసరికి కాలిన రబ్బరు వాసన, కీచుమనే చప్పుడు, ఆగిపోయిన పుల్లీ మీద జారుతూ పొగలు కక్కుతున్న బెల్టులు. బ్లోయర్ విప్పినప్పుడు రోటర్ల చివరి పలక మీద నెలవంక ఆకారంలో మెరుస్తున్న గీతలు కనిపించాయి. వేలితో తడిమితే గోరు దిగేంత లోతుగా ఉన్నాయి. ఆ బ్లోయర్ మళ్లీ పనికి రాలేదు.

సెట్ చేసే విధానం కష్టమైనది కాదు. మొదట వాల్వ్‌ను విప్పి, అది కూర్చునే పీటను తుడవండి. అక్కడ నూగు పట్టి ఉంటే వాల్వ్ ఎప్పుడూ కాస్త తెరుచుకునే ఉండి గాలిని మింగేస్తుంది. స్క్రూ బిగించిన చాలామందికి నిజంగా కావలసింది ఈ తుడవడమే. స్ప్రింగును వదులు చేసిన స్థితి నుంచి మొదలుపెట్టి, వేడెక్కిన ఇంజిన్‌ను పనివేగంలో ఉంచి, ట్యాంకు నోటిని పలకతో మెల్లగా మూస్తూ ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసి, పలక తీసేసి, అర చుట్టు బిగించి, మళ్లీ చూడాలి. ప్రతి రెండు ప్రయత్నాల మధ్య ఒక నిమిషం బ్లోయర్‌ను తెరిచిన నోటితో తిరగనివ్వండి, అది చల్లారుతుంది. పరిమితికి చేరిన తర్వాత లాక్‌నట్ బిగించి మరొకసారి సరిచూడండి. స్ప్రింగు వాల్వ్ ఒక్కసారిగా తెరుచుకోదు, సెట్ చేసిన అంకె కంటే కొంత ముందు నుంచే గాలిని వదలడం మొదలుపెడుతుంది. పరిమితి 14 అయిన యంత్రంలో వాల్వ్ 11 దగ్గర ఉండిపోయి ఉంటే, పని మధ్యలోనే గాలి వృథాగా పోతుంటుంది. అలాంటప్పుడు 14కు తేవడం సమంజసమే, తప్పేమీ లేదు.

ఎత్తైన ప్రాంతాల్లో పనిచేసేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు వాతావరణ పీడనం పాదరసం దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. 5,000 అడుగుల ఎత్తున అది 25 అంగుళాలకు కాస్త తక్కువే ఉంటుంది. బ్లోయర్‌ను వేడెక్కించేది గేజ్ మీది అంకె ఒక్కటే కాదు, బయటి పీడనానికి, లోపలి పీడనానికి మధ్య ఉన్న నిష్పత్తి. సముద్రమట్టం దగ్గర 14 అంగుళాల వద్ద ఆ నిష్పత్తి సుమారు 1.88, అదే 14ను 5,000 అడుగుల ఎత్తున లాగితే అది 2.28 అవుతుంది. నిష్పత్తి పెరగకుండా ఉండాలంటే అక్కడ వాల్వ్‌ను 11.5 ప్రాంతానికి దించుకోవాలి. మైదానంలో సెట్ చేసిన వ్యాన్‌ను కొండ మీదకు తీసుకువెళ్లి, ముల్లు మునుపటి అంకెకు రావడం లేదని వాల్వ్ బిగించేవారు ఈ కారణంగానే బ్లోయర్లను పోగొట్టుకుంటారు.

ప్రశ్న: పరీక్షించడానికి గొట్టం చివరను అరచేత్తో మూస్తే సరిపోదా? ప్రత్యేకంగా పలక ఎందుకు?

జవాబు: సరిపోదు, దయచేసి అలా చేయకండి. 14 అంగుళాల వ్యాక్యూమ్ వద్ద 2 అంగుళాల గొట్టం నోటి మీద పడే బలం దాదాపు 10 కిలోలు; రెండున్నర అంగుళాల నోటి మీద 15 కిలోలు. చర్మం లోపలికి లాగబడి రక్తం గడ్డకడుతుంది, చేతిని వెనక్కు లాక్కోవడం కూడా కష్టమవుతుంది.

ప్రశ్న: దగ్గరలో ఉన్న గదుల్లో యంత్రం చక్కగా లాగుతుంది. 150 అడుగుల గొట్టం వేసినప్పుడు మాత్రం సగం శక్తి కూడా ఉండదు. వాండ్ దగ్గర సులువుగా తిరగడానికి చివర 25 అడుగులు ఒకటిన్నర అంగుళాల సన్న గొట్టం వాడుతున్నాము. బ్లోయర్ పెద్దది వేయించాలా?

జవాబు: బ్లోయర్ మార్చే ముందు ఆ 25 అడుగుల సన్న గొట్టాన్ని తగ్గించండి. నా దృష్టిలో మీ సమస్యలో పెద్ద భాగం అదే.

గొట్టంలో ఒకే పరిమాణంలో గాలి పారుతున్నప్పుడు, రాపిడి వల్ల పోయే పీడనం పొడవుకు అనులోమంగా, వ్యాసం ఐదో ఘాతానికి దాదాపు విలోమంగా ఉంటుంది. అంటే పొడవు రెట్టింపైతే నష్టం రెట్టింపవుతుంది, కానీ వ్యాసం కాస్త తగ్గినా నష్టం అనేక రెట్లు పెరుగుతుంది. 2 అంగుళాలను ఒకటిన్నరకు తగ్గిస్తే నష్టం నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది. మీ 25 అడుగుల సన్న ముక్క 100 అడుగులకు పైబడిన 2 అంగుళాల గొట్టంతో సమానం. మీరు 150 అడుగులు వేశామనుకుంటున్నారు, గాలి మాత్రం 230 అడుగుల దూరం వచ్చినంత కష్టపడుతోంది. సన్న ముక్కను పది అడుగులకు కుదిస్తే అదే దూరం 182కు తగ్గుతుంది. మిగతా గొట్టంలో వ్యాన్ వైపు ఉండే 100 అడుగులను రెండున్నర అంగుళాలకు మార్చగలిగితే, ఆ భాగంలో నష్టం మూడో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే రెండుకు, రెండున్నరకు మధ్య ఐదో ఘాతంలో తేడా మూడు రెట్లు. ఈ మార్పులకు కొత్త బ్లోయర్, దాన్ని తిప్పడానికి కావలసిన కొత్త ఇంజిన్ అక్కర్లేదు.

మరికొన్ని చిన్న విషయాలు ఉన్నాయి. వాడని గొట్టాన్ని చుట్టగా చుట్టి మధ్యలో వదిలేయకండి. ఆ చుట్టల్లో రాపిడి ఎక్కువ, పైగా పొడవంతా లెక్కలోకి వస్తుంది. అవసరమైనన్ని ముక్కలే తగిలించండి. గొట్టం లోపలి గోడ నునుపుగా ఉన్నదీ, మడతలు మడతలుగా ఉన్నదీ ఒకే వ్యాసమైనా ఒకేలా లాగవు, నునుపుదే మేలు. గొట్టం ఎక్కడైనా కిందికి వేలాడితే ఆ పల్లంలో నీరు నిలిచి, గాలి దాన్ని దాటలేక గుడగుడమంటూ ఆగి ఆగి వస్తుంది. అలాంటి చప్పుడు వినిపిస్తే గొట్టాన్ని సరిచేసి చూడండి, ముల్లు ఊగడం ఆగిపోతుంది.

ప్రశ్న: ఇంజిన్ మామూలుగానే తిరుగుతోంది. కానీ బ్లోయర్ చప్పుడు మునుపటి కంటే మందంగా ఉంది, బెల్టుల కింద నల్లటి పొడి రాలుతోంది. సక్షన్ కూడా తగ్గింది. ఇవన్నీ ఒకదానికొకటి సంబంధించినవేనా?

జవాబు: సంబంధించినవే. బెల్టులు జారుతున్నాయి. ఆ నల్లపొడి బెల్టు అరుగుదలే. ఇంజిన్ ఆర్‌పీఎం సరిగ్గా ఉంటే చాలదు. కాంతితో కొలిచే టాకోమీటర్ ఒకటి తీసుకుని బ్లోయర్ పుల్లీ వేగాన్నే కొలవండి, అది కూడా ఖాళీగా తిరుగుతున్నప్పుడు కాకుండా, వాండ్ కార్పెట్ మీద ఆనించి భారం పడుతున్నప్పుడు. భారం లేనప్పుడు జారని బెల్టు భారం పడగానే జారవచ్చు.

వేగం తగ్గితే గాలి ఆ మేరకే తగ్గుతుందని అనుకుంటారు, నిజానికి అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. రోటర్ల సందుల్లోంచి వెనక్కు జారే గాలి వ్యాక్యూమ్ మీద ఆధారపడుతుంది గాని వేగం మీద దాదాపుగా ఆధారపడదు. ఉదాహరణకు ఆ జారుడు నిమిషానికి 600 చుట్ల గాలికి సమానమనుకుందాం. 3,000 వేగంలో 2,400 చుట్ల గాలి దక్కుతుంది. వేగం 2,400కు తగ్గితే, అంటే అయిదో వంతు తగ్గితే, దక్కేది 1,800 చుట్ల గాలే. నష్టం నాలుగో వంతు. వ్యాక్యూమ్ పెరిగేకొద్దీ ఈ జారుడు ఇంకా పెరుగుతుంది. అందుకే భారం పడినప్పుడు ఇంజిన్ వేగమే తగ్గిపోతుంటే బెల్టుల కంటే ముందు ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్‌ను, ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్‌ను చూడాలి.

బెల్టును బిగించేటప్పుడు రెండు పుల్లీల మధ్య దూరంలో ప్రతి అంగుళానికీ అంగుళంలో 64వ వంతు చొప్పున మధ్యలో వంగాలన్నది వి-బెల్టులకు వాడే సూత్రం. 16 అంగుళాల దూరానికి పావు అంగుళం. అంతకు మించి బిగిస్తే బ్లోయర్ బేరింగుల మీద, ఇరుసు మీద భారం పడుతుంది, అప్పుడు పోయేది బెల్టు కాదు. బిగించే ముందు నిటారైన కమ్మీ ఒకటి రెండు పుల్లీల ముఖాలకూ ఆనించి, అవి ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. ఒక బెల్టు పోయినా జతంతా కలిపి మార్చాలి. కొత్త బెల్టులు మొదటి కొద్ది గంటల్లో సాగుతాయి కనుక ఒకసారి తప్పనిసరిగా మళ్లీ బిగించాలి.

ప్రశ్న: రెండు రోజులు సెలవు తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేస్తే బెల్టులు కీచుమన్నాయి, బ్లోయర్ కదలలేదు. అంతకు ముందు రోజు ట్యాంకులో నురగ బాగా వచ్చింది. ఏమై ఉంటుంది?

జవాబు: నురగ బ్లోయర్‌లోకి వెళ్లి ఉంటుంది. ట్యాంకు నిండినప్పుడు యంత్రాన్ని ఆపే ఫ్లోట్ స్విచ్ నీటి మీద తేలుతుంది. నురగ దాన్ని లేపలేదు. నురగ ఫిల్టర్‌లోంచి సులువుగా దూరి, డిటర్జెంటుతో సహా రోటర్లకు పట్టుకుంటుంది. పోత ఇనుప రోటర్లు తడిగా రెండు రోజులు ఉంటే ఆ సన్నటి సందును పూడ్చడానికి తుప్పు పలచటి పొర చాలు.

ఇంజిన్‌తో బలవంతంగా తిప్పే ప్రయత్నం చేయకండి. తాళంచెవి తీసి, బెల్టులు వదులు చేసి, బ్లోయర్ నోట్లో తుప్పు వదిలించే పలచటి నూనె స్ప్రే చేసి, కొన్ని గంటలు వదిలేయండి. ఆ తర్వాత పుల్లీని చేత్తో ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెంగా కదపండి. రోటర్లు తిరగడం మొదలయ్యాక కూడా నోట్లో వేలు పెట్టకండి. చేత్తో తిప్పినా అవి వేలిని నలిపేస్తాయి. పూర్తిగా సులువుగా తిరిగినప్పుడే బెల్టులు బిగించి, తక్కువ వేగంలో నడిపి, నూనె మరికొంత చల్లండి. అప్పటికీ ఒరుసుకునే చప్పుడు వస్తుంటే బ్లోయర్ విప్పక తప్పదు.

ఇకముందు నురగ కనిపించగానే ట్యాంకులోకి, గొట్టం ద్వారా, నురగ తగ్గించే మందు పీల్పించండి. అంతకుముందు ఎవరో షాంపూ వాడి వదిలేసిన కార్పెట్లలో నురగ తప్పకుండా వస్తుంది, అక్కడ ముందే మందు వేసుకోవాలి. రోజు చివర ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టర్ కడిగి, నోరు తెరిచి ఉంచి అయిదు నిమిషాలు పొడిగాలి పీలుస్తూ నడపండి; ఆ వేడికి లోపలి తడి పోతుంది. ఆ తర్వాత వేగం తగ్గించి బ్లోయర్ నోట్లో నూనె స్ప్రే చేసి, ఒకటి రెండు నిమిషాల తర్వాత ఆపేయండి. గేరు వైపు నూనెమట్టం యంత్రం ఆగి ఉన్నప్పుడే చూడాలి. తక్కువైతే ఎంత హానో, గుర్తుకు మించి పోసినా అంతే హాని: నూనె చిలికి వేడెక్కి సీళ్లను దాటుకుని బయటికి వస్తుంది. బ్లోయర్ బయటికి వదిలే గాలి దారిని కూడా మరవకండి. సైలెన్సర్‌లో తుప్పుముక్కలు, నీటిని వేడిచేసే హీట్ ఎక్స్ఛేంజర్ రెక్కల మధ్య నూగు పేరుకుంటే వెనక నుంచి ఒత్తిడి పెరిగి, బ్లోయర్ వేడెక్కి, ముందు వైపు సక్షన్ తగ్గుతుంది. గేజ్ ముందు వైపు మాత్రమే చూస్తుంది కనుక దీన్ని పట్టించదు. బ్లోయర్ బయటికి వదిలే గాలి వేడిని కొలిచి, మీ పుస్తకంలో మిగతా అంకెల పక్కన రాసుకోండి.

ప్రశ్న: వాండ్‌కు గ్లైడ్ (పెదవికి తొడిగే, రంధ్రాలున్న నున్నటి తొడుగు) తగిలిస్తే సక్షన్ పెరుగుతుందా? అలాగే ఒకే యంత్రం మీద ఇద్దరం రెండు వాండ్లతో పనిచేయవచ్చా?

జవాబు: గ్లైడ్ వల్ల వాండ్ సులువుగా జరుగుతుంది, పెదవి కార్పెట్‌కు సమంగా ఆనుతుంది, కాబట్టి ఉన్న గాలి సరైన చోట పనిచేస్తుంది. కానీ రంధ్రాలు మరీ చిన్నవైతే ముల్లు పైకి లేచి, గాలి తగ్గి, మొదటి ప్రశ్నలోని పరిస్థితికే వస్తారు. గ్లైడ్ ఉన్నా లేకున్నా, వాండ్ తల లోపల టార్చి వేసి చూడండి. వెంట్రుకలు, దారాలు చుట్టుకుని పెదవిలో ఒక పక్క మూసుకుపోతే, కార్పెట్ మీద ఆ పక్కనే తడి చార మిగులుతుంది.

రెండు వాండ్ల విషయానికొస్తే, బ్లోయర్ గాలి రెండుగా చీలుతుంది. ఒకరు వాండ్ ఎత్తిన క్షణంలో గాలంతా ఆ తెరిచిన నోటివైపే పరుగెత్తి, రెండో వారి దగ్గర లాగుడు పడిపోతుంది. రెండు వాండ్ల కోసమే తయారైన పెద్ద బ్లోయర్ ఉన్న యంత్రమైతే సరే. మీరు ఉత్తరంలో రాసిన చిన్న సైజు బ్లోయర్‌తో అయితే ఒకరు వాండ్ పట్టుకుని, రెండో వారు ముందుగా మందు చల్లి బ్రష్ కొట్టుకుంటూ వెళ్లడం మేలు. నీరు వదిలే ప్రతి లాగుడుకూ కనీసం రెండు పొడి లాగుళ్లు, తొందరపడకుండా, ఉండేలా చూసుకోండి.